అంచు దగ్గర అర మిల్లీమీటరు

ముప్పై రెండేళ్లు డాక్టరుగా పనిచేశాను. అన్నేళ్లలో నేను నాడి పట్టి చూసిన రోగులు పదిమంది కూడా ఉండరు. నేను పాథాలజిస్టుని. రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, ఆపరేషన్ థియేటరుకి సరిగ్గా కింద అంతస్తులో నా ల్యాబు ఉండేది. పైన సర్జను కోసి తీసిన ముక్క కింద నా దగ్గరికి వచ్చేది. అదేమిటో, ఎంతవరకు పాకిందో, పూర్తిగా బయటికొచ్చిందో లేదో చెప్పడం నా పని. పెళ్లిళ్లలో పక్కన కూర్చున్నవాళ్లు "మీరేం డాక్టరండీ?" అని అడిగితే ఇదంతా చెప్పేదాన్ని. "ఓహో, రక్తం టెస్టులు చేస్తారా!" అనేవారు. మొదట్లో సరిదిద్దేదాన్ని. తర్వాత్తర్వాత "ఆయ్, అవేనండి" అని నా విస్తరి నేను చూసుకునేదాన్ని.

నేను రిటైరైన ల్యాబులో కొత్తగా చేరిన అమ్మాయి మొన్న ఫోన్ చేసింది. "మేడమ్, మలాశయం క్యాన్సరు ముక్క వచ్చింది. సరిగ్గా గడ్డ ఉన్న చోటే నిలువునా కోసి పంపారు. అంచు గురించి ఏం రాయమంటారు?" అని అడిగింది. "చెప్పలేను అని రాయి" అన్నాను. "సర్జను గారికి కోపం వస్తుందేమోనండీ" అంది. రానీ అన్నాను. ఆ ఒక్క మాట రాయడం నేర్చుకునే లోపల నా వల్ల ఒక మనిషికి జరిగిన అన్యాయం ఆ అమ్మాయికి తెలియదు. తెలియాలనే ఇది రాస్తున్నాను.

అంచు అంటే ఏమిటి

మలాశయం అంటే పెద్దపేగు చివర, నడుము కింది ఎముకల మధ్య ఇరుకు గూట్లో ఉండే గొట్టం. జానెడు కూడా ఉండదు. దాని చుట్టూ కొవ్వు, ఆ కొవ్వు మీద ఉల్లిపొర లాంటి పల్చటి పొర ఒకటి. క్యాన్సరు గొట్టం లోపల పుట్టి, గోడ దాటి, ఆ కొవ్వులోకి వేళ్లు చాపుతుంది. మంచి సర్జను ఆ పొర చిరగకుండా, కొవ్వుతో సహా మొత్తాన్ని ఒకే మూటలా బయటికి తీస్తాడు. చెయ్యి తొందరపడితే పొర చిరుగుతుంది. చిరిగిన చోట కొంత రోగం లోపలే ఉండిపోతుంది. అది ఏడాదికో రెండేళ్లకో అదే చోట మళ్లీ లేస్తుంది. ఈసారి ఎముకనీ నరాలనీ పట్టుకుని లేస్తుంది. క్యాన్సరు మళ్లీ రావడాల్లో ఇంత బాధపెట్టేది ఇంకొకటి నేను చూడలేదు.

ముక్క నా దగ్గరికి వచ్చాక ముందు దాన్ని అటూ ఇటూ తిప్పి ఊరికే చూడాలి. మా ప్రొఫెసరు గారు మా చేతుల్లోంచి కత్తి లాక్కుని మరీ చూడమనేవారు. "కోశాక చూడటానికి ఏముంటుందే, కోసిందే కనపడుతుంది" అనేవారు. ఆయన అరుపులకి హడలిపోయేవాళ్లం. ఇప్పుడు తలచుకుంటే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

చూశాక బయటి పొరంతా రంగు పూస్తాం. మెయిన్ రోడ్డులో పుస్తకాల షాపులో దొరికే నల్ల డ్రాయింగు ఇంకే ఏళ్ల తరబడి వాడాను. తర్వాత ముక్క కుళ్లకుండా గట్టిపడేందుకు రెండు రోజులు ఫార్మలిన్‌లో నాననిచ్చి, కాకరకాయని చక్రాలుగా తరిగినట్టు అడ్డంగా తరుగుతాం. అప్పుడు మైక్రోస్కోపు కింద గడ్డకీ నల్ల గీతకీ మధ్య ఎంత ఖాళీ ఉందో కొలుస్తాం. ఒక మిల్లీమీటరు కన్నా ఎక్కువ ఉంటే అంచు శుభ్రంగా ఉన్నట్టు. అంతకు తక్కువైతే రోగం అంచుని తాకినట్టే లెక్క. మొత్తం విద్య ఇంతే. కానీ ముక్క చెక్కుచెదరకుండా రావాలి. రాదు. అసలు తంటా అంతా అక్కడే.

ఒకసారి రామచంద్రపురం నుంచి ముక్కని ఊరగాయ డబ్బాలో పెట్టి ఆర్టీసీ బస్సులో పంపారు. తెచ్చినాయన రోగి బావమరిది. దారిలో మూత వదులై ఫార్మలిన్ కారితే కళ్లు మండి కండక్టరు దింపేస్తానన్నాడట. "మావిడికాయ పచ్చడండీ, ఘాటెక్కువ అని చెప్పానండి" అన్నాడాయన, నేనేదో మెచ్చుకుంటానని. డబ్బా మూతి ఇరుకు. ముక్కని మడిచి కుక్కారు. అది ఆ వంకరలోనే గట్టిపడిపోయి ఉంది. దాంట్లో ఏది ముందో ఏది వెనకో కనుక్కోవడానికి నాకు పూట పట్టింది. సర్జన్లకి నేను చెప్పే మొదటి మాట ఇదే: వెడల్పాటి డబ్బాలు కొనుక్కోండి.

ట్రేలో పెట్టి చూపించడం

మా ఆసుపత్రి పెద్ద సర్జను మూర్తి గారు. ఆసుపత్రి ఆయనదే. నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. నిప్పులాంటి మనిషి, కోపం ముక్కు మీదే ఉంటుంది, డబ్బు లేనివాణ్ని ఏనాడూ వెనక్కి పంపలేదు. ఆయనకొక అలవాటుండేది. ఆ రోజుల్లో ఈ జిల్లాల్లో చాలామంది సర్జన్లకి ఉండేది. ఆపరేషన్ కాగానే ముక్కని స్టీలు ట్రేలో పెట్టుకుని థియేటరు తలుపు దగ్గరికి వచ్చేవారు. బయట బంధువులంతా మూగేవారు. వాళ్ల ఎదురుగా కత్తెరతో గొట్టాన్ని నిలువునా చీల్చి, లోపలి గడ్డని తెరిచి చూపించేవారు. "ఇదిగోండి, చూసుకోండి. వేళ్లతో సహా తీసేశాను" అనేవారు. ఆడవాళ్లు కళ్లు ఒత్తుకునేవారు. మగవాళ్లు దణ్ణాలు పెట్టేవారు.

దీన్ని మూర్ఖత్వం అని కొట్టిపారేయకండి. కడుపు కోసి ఏమీ తీయకుండా కుట్టేసి పంపారని ఒకప్పుడు ఎవరో ఆయన మీద పుకారు పుట్టించారు. అప్పటినుంచి మొదలైన అలవాటిది. జనం కళ్లారా చూస్తే తప్ప నమ్మరని ఆయన నమ్మకం. అందులో అబద్ధమూ లేదు. అయితే ఆ కత్తెర సరిగ్గా గడ్డ మీదుగా, కొవ్వు మీదుగా, నేను రంగు పూయాల్సిన పొర మీదుగా పోయేది. నా దగ్గరికి వచ్చేసరికి ఏది ఆపరేషన్ అంచో, ఏది ట్రేలో కోసిన అంచో నాకు తెలిసేది కాదు.

తెలియకపోయినా ఏళ్ల తరబడి నోరెత్తలేదు. అలా చీల్చి వచ్చినవాటికి రంగు పూయడమే మానేశాను. గొట్టానికి పై కొస, కింది కొస చూసేదాన్ని. అవి దాదాపు ఎప్పుడూ బాగానే ఉంటాయి. "మార్జిన్లు క్లియర్" అని సంతకం పెట్టేదాన్ని. అందరూ సంతోషించేవారు.

సుబ్బారావు గారు

పాలకొల్లులో స్టీలు సామాన్ల షాపు సుబ్బారావు గారిది. యాభై రెండేళ్లు. ఆయన ముక్క కూడా అలాగే చీల్చి వచ్చింది, అలాగే రాశాను. అప్పట్లో ఈ జబ్బుకి ఆపరేషన్‌కి ముందు స్కానింగులు, రేడియేషన్ ఇప్పటిలా లేవు. ఆపరేషన్ తర్వాత రిపోర్టు బాగోకపోతేనే రేడియేషన్‌కి వైజాగ్ పంపేవారు. మా వైపు దాన్ని కరెంటు పెట్టడం అంటారు. "రిపోర్టు క్లియరుగా వచ్చింది, కరెంటు అక్కర్లేదు" అని మూర్తి గారు ఆయన్ని ఇంటికి పంపేశారు.

ఏడాదిన్నర తిరక్కుండా ఆయన మళ్లీ వచ్చారు. కూర్చోలేకపోతున్నారు. షాపులో స్టూలు మీద కూర్చోవడం మానేసి నిలబడే బేరాలు చేస్తున్నానన్నారు. స్కాన్ తీస్తే వెన్ను కింది ఎముకకి ఆనుకుని గడ్డ. అదే చోటు. ఆయన ముక్కతో చేసిన గాజు స్లైడ్లు మళ్లీ బయటికి తీశాను. ఒకదాంట్లో క్యాన్సరు కణాలు ఓ అంచు దాకా వచ్చి ఆగి ఉన్నాయి. అది సర్జను వదిలిన అంచా, కత్తెర కోసిన అంచా? రంగు లేదు కాబట్టి ఏనాటికీ తెలియదు. ఆ స్లైడుని మొదటిసారి కూడా నేనే చూశాను. చూసి, తెలియని దాన్ని తెలిసినట్టు రాశాను.

ఆ మధ్యాహ్నం ఆయన మెట్లు దిగి ల్యాబుకి వచ్చారు. చేతిలో పాత రిపోర్టు. నా ఎదురుగా కుర్చీ ఉన్నా నిలబడే అడిగారు.

"అమ్మా, మీరేనా అండీ ఇది రాసింది? క్లియర్ అని ఉంది కదండీ మరి. మళ్లీ ఎలా వచ్చిందండీ?"

ఆయన గొంతులో కోపం లేదు. నిజంగా అర్థంకాక అడుగుతున్నారు.

"కొసలు క్లియరేనండి" అన్నాను.

ఆ జవాబులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అంతకన్నా సిగ్గుమాలిన జవాబు నా జీవితంలో ఇంకొకటి ఇవ్వలేదు. ఆయన తలూపి, "అలాగాండీ" అని వెళ్లిపోయారు. వైజాగ్‌లో కరెంటు పెట్టారు, నొప్పి నాలుగు నెలలు తగ్గింది. తర్వాతి ఎండాకాలం చూడలేదు. మీది తప్పు, నాది తప్పు అని ఒక్క మాట అనుకోకుండానే నేనూ మూర్తి గారూ ఆ వార్త విన్నాం.

తగాదా

సుబ్బారావు గారు చనిపోయిన వారంలోనే మూర్తి గారి గదిలోకి వెళ్లాను. "ఇకనుంచి ముక్క కోసి పంపితే అంచు గురించి చెప్పలేను అని రాస్తానండి" అన్నాను.

"అలా రాస్తే నన్నెవరమ్మా నమ్మేది?"

"చూపించొద్దని అనట్లేదండి. నిండుగా చూపించండి. కొయ్యొద్దంటున్నాను."

"లోపల ఏముందో చూడకపోతే వీళ్లు ఒప్పుకోరమ్మా. ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. నువ్వు ఆ గదిలో కూర్చుని మైక్రోస్కోపు చూస్తావు, నేను మనుషుల్ని చూస్తాను."

ఆ మాట బాగా గుచ్చుకుంది, నిజం కాబట్టి. అయినా రాయడం మొదలుపెట్టాను. ఆరు నెలల్లో నాలుగు రిపోర్టుల మీద "చెప్పలేను" అని వెళ్లింది. ఆయన నాతో మాట్లాడటం మానేశారు. ముక్కలు మాత్రం చీల్చే వచ్చేవి. క్యాంటీనులో నన్ను చూస్తే కాఫీ సగంలో వదిలి లేచిపోయేవారు.

నూకరత్నం

అంతర్వేది దగ్గర ఓ రేవు ఊరు నూకరత్నానిది. భర్త లేడు. మరిదీ వాళ్లూ వేటకి వెళితే, ఈవిడ రేవులో వేలంలో చేపలు పాడుకుని నరసాపురం తీసుకెళ్లి అమ్మేది. ఆమెకి మలాశయంలో గడ్డ అని తేలింది. ముందే చెప్పేస్తాను: ఆమె ఇప్పటికీ ఉంది, ఇప్పటికీ బేరంలో రూపాయి తగ్గించదు. కాబట్టి చదివేవాళ్లు కంగారుపడనక్కర్లేదు. అప్పుడు మాత్రం నేను చాలా కంగారుపడ్డాను. గడ్డ వెనక వైపు, కొవ్వులోకి దిగి ఉందని పరీక్ష చేసి మూర్తి గారే రాశారు. అంచు తెలియాల్సిన కేసు ఏదైనా ఉందంటే అది ఇదే.

ఆపరేషన్ ముందు రోజు నేను చేసిన పని పాథాలజిస్టులు చేయరు. వార్డుకి వెళ్లాను. మంచం పక్కన నిలబడి, నేనెవరో, నా పనేమిటో చెప్పడానికి తడబడ్డాను. అలవాటు లేదు కదా. తీసిన ముక్కని మీవాళ్ల ముందు కోసి చూపిస్తే నేను చూడాల్సింది పాడవుతుందని చెప్పాను.

ఆమె దిండుకి ఆనుకుని లేచి కూర్చుంది. "అంటే నిండు చేపా, కోసిన చేపా అన్నమాట" అంది.

నాకు అర్థం కాలేదు.

"నిండు చేపైతే మొప్ప ఎత్తి చూసి చెప్తానండి, నిన్నటిదో ఇవాల్టిదో. ముక్కలు కోసి తెచ్చి ఇది తాజాదేనా అంటే నేను మాత్రం ఏం చెప్తానండీ? నా యాపారమే నాకు తెలీదు అప్పుడు."

"ఆయ్, అదేనండి" అన్నాను. ఇరవై ఏళ్లుగా సర్జన్లకి నేను చెప్పలేకపోయింది ఆవిడ మూడు ముక్కల్లో చెప్పేసింది.

ఆమె మరిదిని పిలిచింది. "ఒరే, రేపు నా గడ్డ కోసి సూపించమని ఎవడన్నా అడిగాడో, నేను లేచొచ్చి తంతాను. మన సీతాలు మొగుడికి కూడా చెప్పు. ఆడికి నోరెక్కువ."

మర్నాడు పదకొండు గంటలకి నేను థియేటరు మెట్ల దగ్గరే ఉన్నాను. మూర్తి గారు ట్రేతో వచ్చారు, పక్కన నర్సు చేతిలో కత్తెర. ఆ ఊరి జనం ఇరవైమంది ముందుకి జరిగారు. ఆయన అలవాటుగా కత్తెర అందుకున్నారు.

"కొయ్యొద్దండి బాబూ" అన్నాడు మరిది.

మూర్తి గారి చెయ్యి ఆగింది. "చూడవా మరి?"

"సూశామండి. మా వదిన కొయ్యొద్దంది. నిండుగానే డాక్టరమ్మ గారికి ఇచ్చెయ్యమంది."

ఆయన తలెత్తి చూశారు. మెట్ల దగ్గర నేను కనపడ్డాను. కుట్ర అనుకున్నారు, సందేహం లేదు. మొహం ఎర్రబడింది. కత్తెర నర్సుకి ఇచ్చేసి, ట్రే తెచ్చి నా చేతుల్లో పెట్టి లోపలికి వెళ్లిపోయారు.

కొలత

ల్యాబులో ట్రే కింద పెట్టి ముక్కని వెనక్కి తిప్పాను. ఎడమ వైపు రెండు వేళ్ల వెడల్పున ఆ పల్చటి పొర లేదు. కొవ్వు చిరిగి, గొట్టం కండ పైకి కనపడుతోంది. లోతుగా, కళ్లకి ఆనని చోట చేత్తో తోసి విడదీస్తే అలా అవుతుంది. ఫోటో తీశాను. రంగు పూశాను. రెండు రోజులు ఆగి తరిగాను. చిరిగిన చోటే గడ్డకీ నల్ల గీతకీ మధ్య దూరం కొలిచాను. మూడుసార్లు కొలిచాను. అర మిల్లీమీటరు.

అప్పుడు నాకొకటి తట్టింది. ఇన్నేళ్లూ ఆ కత్తెర జనానికి నమ్మకమే కాదు, మూర్తి గారికి రక్షణ కూడా ఇచ్చింది. ఆయన కావాలని చేయలేదు. కానీ ముక్కని చీల్చినన్నాళ్లూ తన చెయ్యి ఎక్కడ తప్పుతోందో ఆయనకి చెప్పేవాళ్లే లేకపోయారు. చెప్పాల్సిన మనిషిని నేను. నేను కొసలు చూసి సంతకాలు పెడుతూ కూర్చున్నాను.

రిపోర్టు రాసి, ఫోటో పట్టుకుని ఆయన గదికి వెళ్లాను. ఆయన ఫోటోని వెలుతురుకి తిప్పి చూశారు.

"అర మిల్లీమీటరేనా?"

"అవునండి."

"ఒకటికి పైన అని రాస్తే ఏం పోతుందమ్మా? ఆవిడకి చెప్పకుండానే కరెంటుకి పంపేద్దాం. ముందు జాగ్రత్తకని చెబుదాం. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. మన ఆసుపత్రి ఇది."

"ముందు జాగ్రత్తంటే ఆవిడ వెళ్లదండి. సంపాదించే మనిషి. ఐదు వారాలు వైజాగ్‌లో ఎందుకుంటుంది? మిగిలి ఉండొచ్చని తెలిస్తేనే వెళుతుంది." రిపోర్టు ఆయన బల్ల మీద పెట్టాను. "సుబ్బారావు గారికి నేను చెప్పలేదండి. ఆయన నా ఎదురుగా నిలబడి అడిగినా చెప్పలేదు. మళ్లీ ఆ పని చేయను. నన్ను తీసేసినా సరే."

ఆయన లేచారు. రిపోర్టు తీసుకుని బయటికి నడిచారు. చింపేస్తారేమో అనుకుంటూ వెనకే వెళ్లాను. వార్డు వైపు తిరిగారు.

ఆ తర్వాతి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఆ ఏడాదే మూర్తి గారు, దగ్గర దగ్గర అరవై ఏళ్ల మనిషి, తనకన్నా ఇరవై ఏళ్లు చిన్నవాడైన సర్జను దగ్గరికి వెళ్లి, రెండు నెలలు అసిస్టెంటుగా నిలబడి ఆ ఆపరేషన్ మొదటినుంచి నేర్చుకున్నారు. తిరిగొచ్చాక ముక్కల వెనక పొర అద్దంలా ఉండేది. ప్రతి ముక్కా తనే తెచ్చి, నేను తిప్పి చూసేదాకా కదిలేవారు కాదు. నాకు ఉద్యోగంలో దొరికిన బాసుల్లో ఆయన్ని మించినవాళ్లు లేరు. ఆయన అబద్ధం రాయమన్న రోజుని కలుపుకునే ఈ మాట అంటున్నాను.

ఆ రోజు వార్డులో నూకరత్నం గోడకి ఆనుకుని కూర్చుని జావ తాగుతోంది. మరిది పక్కన ఉన్నాడు. సర్జన్లు రౌండ్లలో నిలబడే మాట్లాడతారు. మూర్తి గారు స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"అమ్మా, నీ గడ్డ తీశాను. కానీ వెనక పక్క ఎడమ వైపు నా చెయ్యి సరిగ్గా పడలేదు. అక్కడ కొంచెం లోపలే మిగిలి ఉండొచ్చు. తప్పు నాది. వైజాగ్ వెళ్లి ఐదు వారాలపైన కరెంటు పెట్టించుకోవాలి."

మరిది దిగ్గున లేచాడు. పిడికిలి బిగిసింది. నేను గుమ్మంలోంచి ఓ అడుగు ముందుకేశాను.

నూకరత్నం జావ గ్లాసు కింద పెట్టింది. "ఎల్తే పోద్దాండి అది?"

"చాలామందికి పోతుందమ్మా. నీకు తప్పకుండా పోతుందని మాట ఇవ్వలేను."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఆయన చెంపల మీదుగా నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"ఎప్పుడెల్లమంటారు?"

"కుట్లు మానగానే."

ఆమె మరిది వైపు తిరిగింది. "అలా నిలబడిపోయావేంట్రా? బాబు గారికి మంచినీళ్లియ్యి."

అతను పిడికిలి విప్పాడు. తర్వాత కూజాలోంచి గ్లాసులోకి వంచి ఇచ్చాడు. మూర్తి గారు దాన్ని రెండు చేతులతో అందుకుని తాగారు.